నెల రోజుల నడుముకు ముహూర్తం

పెళ్లికి, గృహప్రవేశానికి, ఆఖరికి స్కూటర్ కొనడానికి కూడా పంచాంగం తీసే జాతి మనది. నడుములో డిస్కుకి, అంటే పూసల మధ్య మెత్తటి దిండుకి, వేయించుకునే స్టెరాయిడ్ సూదికి మాత్రం డాక్టరు గారు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వెళ్లి పడుకుంటున్నాం. ఈ అపచారాన్ని ఇకనైనా ఆపాలి.

ఎందుకంటే ఆ సూది పుణ్యానికి గడువుంది. ఫ్రాన్సులో నడుంనొప్పి ముదిరి, ఎమ్మారైలో డిస్కు పక్క పూసల అంచులు వాచినట్టు కనిపించిన 135 మందిని రెండు జట్లు చేశారు. అందరి డిస్కులోకీ సూది దింపి ఎక్స్‌రేలో కనబడే మందు ఎక్కించారు. ఒక జట్టుకు మాత్రం దాంతోపాటు 25 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కలిపారు. ఫలితం 2017లో అచ్చయింది. నెల తిరిగేసరికి స్టెరాయిడ్ పడ్డవాళ్లలో నూటికి 55 మందికి నొప్పి, వంద మార్కుల కొలతలో, నలభై లోపు దిగింది. రెండో జట్టులో నూటికి 33 మందికి. ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ సమానం.

స్టెరాయిడ్ లేకుండానే ముగ్గురిలో ఒకరు తేలికపడ్డారన్న సంగతి మా బాబాయి చెవిన వేయకండి. కర్పూరం కలిపిన నువ్వులనూనె సీసాతో ఆయన గుమ్మంలోనే ఉన్నాడు.

పిసినారి లెక్క వేస్తే, అదృష్టం బాగుంటే, చేతికొచ్చేది ఒక్క నెల నడుము. దాన్ని ఆషాఢంలో ఇంట్లో కూర్చుని తగలేస్తామా? అందుకే నేను ఆషాఢం ఆఖరి వారంలో సూది, శ్రావణమంతా ఖర్చు అని నిర్ణయించాను. డాక్టరు గారు చీటీ రాసేలోపే మా ఆవిడ లిస్టు రాసేసింది: అటక మీది ఇత్తడి గుండిగలు, మేడమీద నీళ్ల ట్యాంకు, బియ్యం బస్తా, వరలక్ష్మీ వ్రతానికి మంచం కింద నుంచి పీటలు లాగడం. మూడేళ్ల బకాయి అట. బరువులెత్తవద్దని డాక్టరు గారు చెప్పింది ఆ లిస్టులో ఎక్కలేదు.

అన్నిటికన్నా ముందు మా మరదలి కూతురి పెళ్లి. సూది పడ్డ నాలుగో రోజున. బంతిలో అందరితోపాటు కింద కూర్చుని బూరెలు తినాలని నా కోరిక. డాక్టరు గారు రిపోర్టు చూసి, "మీకు షుగరుంది కదండీ, స్టెరాయిడ్‌కి కొన్నాళ్లు ఇంకా పెరుగుతుంది. తీపి జోలికి వెళ్లకండి" అన్నారు.

అంటే కింద కూర్చోగలిగిన రోజున బూరె తినకూడదు, బూరె తినగలిగిన రోజున కింద కూర్చోలేను. పంతులు గారు మళ్లీ పంచాంగం తిరగేస్తున్నారు.