మహారాజశ్రీ ఇంటి ప్రింటరు గారికి, తెల్లరంగు విషయమై

మహారాజశ్రీ ఇంక్‌జెట్ ప్రింటరు గారి దివ్యసముఖానికి, బుల్లి రైళ్లకు ఇంట్లోనే డెకాల్స్ (పల్చటి ఫిల్మ్ మీద అచ్చేసి, నీళ్లలో తడిపి బండి మీదికి జార్చే పేర్లూ నంబర్లూ గీతలూ) చేసుకునే వాళ్లందరం కలిసి రాసుకున్న విన్నపం.

ఉభయకుశలోపరి. ఇక్కడ రైళ్లన్నీ క్షేమం. పేర్లూ నంబర్లూ లేక, ఎవరివో ఏమిటో తెలియకుండా షెడ్డులో నిలబడి ఉన్నాయంతే. అక్కడ తమ నాజిల్స్ కూడా క్షేమమేనని తలుస్తాం. కొన్నాళ్లు పలకరించకపోతే ఎండిపోయే సుకుమారులు గనక గట్టిగా నమ్మం.

అసలు సంగతి. తమ కడుపులో నాలుగు రంగులున్నాయి: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. తెలుపు లేదు. అది కాగితం పెట్టుకుంటుందిలే అని తమ ధీమా. ఉత్తరాలకూ పిల్లల హోంవర్కుకూ ఆ ధీమా చెల్లుతుంది. ముదురు నీలం ఇంజను మీద పసుపు గీత వేయాల్సి వచ్చినప్పుడు చెల్లదు. తమ ఇంకు రంగుటద్దం లాంటిది, వెనకున్నదల్లా అందులోంచి కనిపిస్తుంది. క్లియర్ డెకాల్ పేపరు (ఫిల్మ్ పారదర్శకంగా ఉండే రకం) మీద అంత ముద్దుగా వచ్చిన పసుపు, నీలం పెయింటు మీదికి జారగానే మాయం. ఎరుపైతే ఎండిన నెత్తురు రంగుకు దిగుతుంది. ఇక తెల్ల అక్షరాలంటారా, వాటిని తమరు పరమ నిజాయితీగా, ఏమీ ముద్రించకుండా వదిలేస్తారు.

విరుగుడు మేమే వెతుక్కోవాల్సి వచ్చింది. తెల్ల డెకాల్ పేపరు తెచ్చి, అక్షరాన్ని కాకుండా దాని చుట్టూ ఉండే బండి రంగును ముద్రించమంటాం. అక్షరం ఉండాల్సిన చోట పేపరు తెలుపే మిగులుతుంది. వినడానికి తేలిగ్గా ఉంది కదా. ఆ నీలం బండి మీది నీలంతో కలవొద్దూ? తెర మీద కలిసింది కాగితం మీద కలవదు. కాగితం మీద కలిసింది ఇంకు కరగకుండా పైన కొట్టే క్లియర్ కోటు స్ప్రే పడ్డాక ఓ ఛాయ ముదురుతుంది. అందుకే ముందు ఓ 30 చిన్న గళ్లు గీసి, ఒక్కో గడిలో రంగు పాళ్లు రెండేసి శాతం మారుస్తూ, ఆ అంకెలు గడి కిందే వేసి, అదే డెకాల్ పేపరు మీద ముద్రించి, అదే స్ప్రే కొట్టి, ఆరాక బండి పక్కన పెట్టి పగటి వెలుగులో చూడాలి. ట్యూబ్‌లైటు కింద కలిసిపోయిన రంగులు కిటికీ దగ్గరికి రాగానే విడాకులడుగుతాయి.

రంగు కలిసిందే అనుకుందాం. ఫిల్మే తెలుపు కాబట్టి, కత్తిరించిన అంచు చుట్టూ సన్నటి తెల్ల గీత తేలుతుంది. బండి పెయింటునే సన్న బ్రష్షుతో అద్ది దాన్ని కప్పాలి. అసలు గీసేటప్పుడే డెకాల్ అంచు తలుపు సందులోనో రేకు అతుకు మీదో పడేలా చూసుకుంటే సగం పాపం దాగిపోతుంది. వెడల్పు పట్టీలకూ పెద్ద లోగోలకూ ఇంకో దారి ఉంది. బండి మీదే మాస్కింగ్ టేపు వేసి ముందు తెల్ల పెయింటు పరిచి, దాని మీద క్లియర్ డెకాల్ దించడం. అక్షరాలకు ఇది కుదరదు. అక్షరం ఆకారంలో మాస్కు కోయగల చేతికి అసలు డెకాల్‌తో పనేముంది?

తమ వంశంలో తెలుపు ఎరిగినవాళ్లు లేకపోలేదు. ఆల్ప్స్ వారి ఎం.డి. ప్రింటర్లు రిబ్బను మీది రంగును వేడితో అంటించేవి, తెలుపు కూడా వేసేవి. తయారీ ఆగిపోయి ఏళ్లయినా వాటి రిబ్బన్ల కోసం వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు. ఓకీ వాళ్లు కొన్ని లేజర్లలో నలుపు టోనరు తీసేసి ఆ గూట్లో తెలుపు పెట్టారు. అది కొనాలంటే రైళ్లు అమ్ముకోవాలి. అమ్ముకున్నాక డెకాల్స్ దేనికి?

రెండో ఫిర్యాదు తమ దయాగుణం మీద. 'ఫిట్ టు పేజ్' అని ఒకటుంది, అడక్కుండానే తమరు టిక్కు పెట్టేసుకుంటారు. బొమ్మ ఏ 97 శాతానికో ముడుచుకుంటుంది, కంటికి తెలియను కూడా తెలియదు. 26.4 మీటర్ల పెట్టె 1:87లో, అంటే అసలులో 87వ వంతు సైజులో, 303 మిల్లీమీటర్లు. అందులో 3 శాతమంటే 9 మిల్లీమీటర్లు. కిటికీల కింద పొడుగునా సాగాల్సిన గీత చివరి తలుపు దాకా రాకుండానే ఆయాసపడి ఆగిపోతుంది. కాబట్టి 'యాక్చువల్ సైజ్' అని పెట్టి, బొమ్మ పక్కనే 100 మి.మీ. గీత ఒకటి గీసి, మామూలు కాగితం మీద తీసి, కాలిపర్‌తో కొలిచాకే అసలు షీటు జోలికి పోవాలి. అన్నట్టు, ఆ 303 మి.మీ. గీత 297 మి.మీ. ఏ4లో నిలువునా పట్టదు. ఐమూలగా పడుతుంది గానీ అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి. తలుపు దగ్గర విరిచి రెండు ముక్కలుగా వేసుకోవడమే మర్యాద.

మూడోది, అట్టపెట్టె మీద తమరు అచ్చేయించుకున్న అంగుళానికి 4800, 5760 చుక్కల బిరుదులు. అవి చుక్క ఎన్ని చోట్ల పడగలదో చెప్పే లెక్కలు, చుక్క ఎంత సన్నమో చెప్పేవి కావు. అంగుళానికి 600 అనే మాటే తీసుకుందాం, ఒక్కో చుక్క 0.042 మి.మీ. అసలు బండి మీద 25 మి.మీ. ఎత్తుండే అక్షరం 1:87లో 0.29 మి.మీ. అవుతుంది, అంటే 7 చుక్కలు. 1:160లో 0.16 మి.మీ., నాలుగు కూడా నిండవు. ఇంగ్లీషు 'ఈ' అక్షరానికి మూడు అడ్డగీతలూ మధ్యలో రెండు సందులూ కలిపి కనీసం 5 వరుసలు కావాలి. నాలుగు చుక్కల్లో తమరు వేసేది అక్షరం కాదు, ఈగ రెట్ట.

ఏడు చుక్కల అక్షరమైనా బతకాలంటే అది అచ్చ నలుపై ఉండాలి. బూడిద రంగు అడిగితే తమరు నాలుగు రంగుల చుక్కలు చల్లి బూడిదలా నటిస్తారు, ఆ నటనకు ఏడు చుక్కల వేదిక చాలదు. నలుపే అడిగినా చిక్కే. సెట్టింగులో 'గ్లాసీ ఫోటో పేపర్' కనబడగానే తమలో చాలామంది నల్ల డబ్బా మూసేసి, మిగతా మూడు రంగులు కలిపి నలుపంటారు. చిన్న అక్షరాల పక్కన గులాబీ నీడలు, పచ్చ నీడలు తేలేది అందుకే. 'మ్యాట్ పేపర్'కు మార్చి ఓ మూల ముద్రించి చూడాలి. ఇంకు ఇంకక మడుగు కట్టిందంటే ఎక్కువైందన్నమాట, నాణ్యత ఒక మెట్టు దించాలి. బొమ్మ మాత్రం ఇంక్‌స్కేప్ లాంటి వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లోనే (బొమ్మను చుక్కలుగా కాక గీతలుగా దాచుకునేది) గీసి అక్కణ్నుంచే ముద్రించాలి. జేపీఈజీగా మార్చి తెస్తే అక్షరాల చుట్టూ ధూళి లేస్తుంది, ఆ నేరం తమది కాదు.

ఇక నీళ్ల సంగతి. డెకాల్ పుట్టిందే నీళ్లలో తడిసి జారడానికి. తమ ఇంకు అదే నీళ్లలో కరిగిపోయే రకం. జాతకాలు కలవవని తెలిసీ పెళ్లి చేస్తున్నాం. అందుకని ముద్రించిన షీటును రాత్రంతా ఆరనిచ్చి అక్రిలిక్ క్లియర్ స్ప్రే కొట్టాలి. 25–30 సెం.మీ. దూరం నుంచి, మొదటి రెండు పూతలూ మంచు పట్టినంత పల్చగా, పూతకూ పూతకూ మధ్య పావుగంట. మూడోది కాస్త తడిగా. తొందరపడి మొదటి పూతే తడిపేస్తే స్ప్రేలోని ద్రావకం ఇంకును కదిలించి నంబర్లకు మీసాలు మొలిపిస్తుంది. భయపడి ఆరేడు పూతలు వేస్తే ఫిల్మ్ రేకులా బిరుసెక్కి, మైక్రో సోల్ (డెకాల్‌ను మెత్తబరిచే ద్రావణం) పోసినా రివెట్ల మీద వంగి కూర్చోదు. ముసురు రోజున కొడితే తేమ చిక్కుకుని పాలు తొణికినట్టు మసకబారుతుంది. చాలిందో లేదో తేల్చడానికి షీటు మూలన ఒక నల్ల చదరం అదనంగా వేసుకుని, దాన్ని కోసి అర నిమిషం నీళ్లలో ముంచి చూడాలి. నీళ్లు రంగు తిరిగాయా, ఇంకో పూత. కోసేటప్పుడు ఇంకు అంచు నుంచి అర మిల్లీమీటరు వదలాలి, లేదంటే కోసిన పక్క నుంచి నీరు లోపలికి పాకుతుంది. తెల్ల పేపరు పద్ధతిలో అలా వదిలే వీలే లేదు. దానికి కోసిన అంచులకు కూడా కాస్త వార్నిష్ అద్దాక ముంచాలి.

తమ పినతండ్రి కొడుకు లేజర్ ప్రింటరుకు ఈ కరిగే జబ్బు లేదు, టోనరు ప్లాస్టిక్ గనక. అయితే ఆయన కడుపులో టోనరును కరిగించి అంటించే ఫ్యూజర్ 200 డిగ్రీల దరిదాపుల్లో కాగుతుంటుంది. తమ కోసం చేసిన ఇంక్‌జెట్ డెకాల్ పేపరు పొరపాటున అక్కడికి వెళ్తే ఫిల్మ్ కరిగి రోలరుకు చుట్టుకోవచ్చు. డెకాలూ పోయె, ప్రింటరూ పోయె. ఆయన లేజర్ డెకాల్ పేపరు తమ దగ్గరికొస్తే ఇంకు పీల్చుకోక పూసలు పూసలుగా నిలుస్తుంది, దాని మీద తమ పళ్లచక్రాలు నడిచిపోతాయి.

అన్నీ తమ నెత్తినే రుద్దడం న్యాయం కాదు. డెకాల్ కింద వెండిపొరలా మెరిసే ఆ దరిద్రం మాత్రం మాదే. మ్యాట్ పెయింటు గరుకు. ఆ గరుకు గుంటల్లో చిక్కుకున్న గాలే ఆ మెరుపు. అందుకే డెకాల్ పడేచోట ముందు గ్లాసీ పూత వేసి బాగా ఆరనివ్వాలి. గోరువెచ్చని నీళ్లలో 10–15 సెకన్లు ముంచి, తీసి టిష్యూ మీద ఒక నిమిషం ఉంచితే జిగురు దానంతటదే వదులుతుంది. నానబెట్టి మర్చిపోతే జిగురంతా నీళ్లపాలు. బండి మీద చుక్క మైక్రో సెట్ (డెకాల్ బాగా అంటుకోవడానికి ముందు రాసే ద్రావణం) వేసి, బ్రష్షుతో దాని మీదికి జార్చి, టిష్యూ మొనతో మధ్య నుంచి అంచులకు నీటిని తోలాలి. మైక్రో సోల్ ఆఖర్న, పల్చగా. అది పడగానే డెకాల్ ముడతలు పడి గుండె జారుస్తుంది. ముట్టుకోకూడదు. ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన పని అదే. మర్నాడు మిగిలిన బుడగల్ని సూదిమొనతో గుచ్చి మళ్లీ ఓ చుక్క. జిగురు మరకలు తడిగుడ్డతో తుడిచాక మ్యాట్ వార్నిష్.

నాలుగు నల్ల నంబర్లు వేయమంటే సయాన్ అయిపోయిందని తమరు మొరాయించడం చివరి ఫిర్యాదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? పోనీ అని సయాన్ పెడితే, తల శుభ్రం చేసుకుంటానంటూ మూడు స్నానాలాడి కొత్త ఇంకులో కొంత అడుగున స్పాంజికి ధారపోస్తారు. అందుకే వారానికోసారి నాలుగు రంగుల చిన్న పట్టీ ఒకటి తమచేత వేయిస్తుంటాం. డెకాల్ షీటు పెట్టే ముందు నాజిల్ చెక్ తప్పదు. చిన్న పనికి పూర్తి షీటు తమ చేతికి ఇవ్వం. ముందు మామూలు కాగితం మీద ముద్రించి, ముద్ర పడిన చోట డెకాల్ ముక్కను పెట్టి, తమ నోట్లోకి మొదట వెళ్లే అంచుకు మాత్రం టేపు వేసి, మళ్లీ తినిపిస్తాం.

ఇట్లు,
తమకు విధేయులుగా ఉండక తప్పని డెకాల్ కూలీలు

తా.క.: ఐరోపా వ్యాగన్ల 12 అంకెల నంబరులో చివరిది చెక్ అంకె. మొదటి 11 అంకెల్ని ఎడమ నుంచి 2, 1, 2, 1 అని వరుసగా గుణించి, వచ్చిన అంకెలన్నీ కూడాలి (14 వస్తే 1, 4 విడివిడిగా). ఆ మొత్తం పై పదికి చేరడానికి ఎంత తక్కువైతే అదే చెక్ అంకె. 21 81 2471 217 అయితే మొత్తం 37, చెక్ అంకె 3. పక్క వ్యాగన్‌కు 217ను 218 చేసి, 3ను 1 చేయడం మరిచాం. రంగు కలిసింది, వెండిపొర లేదు, అంచు తెలియడం లేదు. ఆ 3ను మాత్రం తమరు పొల్లుపోకుండా ముద్రించారు.