నెత్తిన తడితే సరిపోదు బాబాయ్

ప్రీస్కూల్ టీచర్లకు చదువెందుకు అనే వాట్సాప్ ఫార్వర్డ్ నాకు రావడం ఈ నెలలో ఇది నాలుగోసారి. మొదట అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, తర్వాత పదో తరగతి బ్యాచ్‌లో, మొన్న వాకింగ్ వాళ్ల దాంట్లో. ఇవాళ పొద్దున్నే మా బాబాయి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. పైన రెండు బాణాల గుర్తు ఉంది. చాలామంది చేతులు మారిన సరుకని హెచ్చరించడానికి పెట్టిన గుర్తది. మనవాళ్లు మాత్రం దాన్ని ఐఎస్ఐ మార్కు అనుకుంటారు. శీర్షిక: "ఆలోచించండి!! పసిపిల్లల్ని ఆడించడానికి కాలేజీ చదువా?"

కింద ఏడు పాయింట్లు. మన అమ్మమ్మలు ఏ డిప్లొమా చదివి పదిమందిని పెంచారని ఒకటి. ఇదంతా విదేశీ ఫ్యాషనని రెండు. రైమ్స్, రంగులు నేర్పడానికి యూట్యూబ్ చాలని మూడు. ఫస్ట్ ఎయిడ్ పేరు చెప్పి భయపెడుతున్నారు, గొంతులో ఏదైనా అడ్డుపడితే నెత్తిన తట్టి, వేలు పెట్టి తీసేయడం మనకు తెలియనిదా అని నాలుగు. పిల్లల పెంపకం ఆడవాళ్లకు పుట్టుకతోనే వస్తుందని ఐదు. అంగన్‌వాడీ వాళ్లకు ఏం చదువుందని నడుపుతున్నారని ఆరు. ఈ కోర్సులన్నీ వ్యాపారమని ఏడు.

నేను హోమ్ సైన్స్ చదివాను. ఇరవై ఏళ్లకు పైగా ప్రీస్కూల్ టీచర్లకు శిక్షణ ఇచ్చాను. కాబట్టి నాకు ఇందులో స్వార్థం ఉందనే అనుకోండి. మూడుసార్లు చూసి ఊరుకున్నాను. బాబాయి మాత్రం దానికింద "అక్షరసత్యం" అని కూడా రాశారు. ఒళ్లు మండింది.

ముందు రెండోది తేల్చేస్తాను. భావనగర్‌లో గిజుభాయి బధేకా అనే వకీలు కోర్టు వదిలేసి బాలమందిర్ పెట్టింది 1920లో. ఐదేళ్లు తిరక్కుండానే ఆయనకు అర్థమైంది, పిల్లల బడి పెట్టడం కన్నా అందులో చెప్పేవాళ్లను తయారుచేయడం కష్టమని. 1925లో టీచర్ల శిక్షణకు అధ్యాపన మందిర్ మొదలైంది. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్, ఆదివాసీ పిల్లలు బడికి రావడం లేదని బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లారు. అంగన్ అంటే వాకిలి. అంగన్‌వాడీ అన్న మాట పుట్టింది అక్కడే. 1939లో మాంటిస్సోరి మద్రాసు వచ్చి అడయారులో క్లాసులు మొదలుపెట్టేనాటికి గిజుభాయి బడికి పందొమ్మిదేళ్లు. విదేశీ ఫ్యాషనట.

మూడోది. రైమ్స్ చెప్పించడం టీచర్ పనిలో పదో వంతు కూడా కాదు. పదండి.

మొదటిది. మా నాయనమ్మను ఎంతమంది పిల్లలని ఎవరడిగినా "పుట్టింది పదకొండు, మిగిలింది ఏడు" అనేది. రెండు అంకెలూ ఒకే ఊపిరిలో. ఆ కాలపు ముసలమ్మలు ఎవరిని అడిగినా ఇలా రెండు లెక్కలు చెప్పేవాళ్లు. 1951 నాటి ప్రభుత్వ లెక్కల్లో వెయ్యిమంది పుడితే 146 మంది ఏడాది నిండకుండానే పోయారు. అందులో మా నాయనమ్మ తప్పేమీ లేదు. టీకాలు లేవు, మంచినీళ్లు లేవు, డాక్టరు లేడు. కానీ "పదిమందిని పెంచారు" అని గర్వంగా రాసేటప్పుడు పోయిన ఆ నలుగురిని కూడా లెక్కలో వేయాలి కదా. వాళ్లకు వాట్సాప్ లేదు, వచ్చి చెప్పలేరు.

ఇంకో సంగతి. నాయనమ్మ ఇంట్లో ఏడుగురికీ ఏడు వయసులు. పెద్దది చిన్నదాన్ని చంకనేసుకు తిరిగేది, మేనత్తలు ఇద్దరు ఉండేవాళ్లు. తరగతి గదిలో అందరికీ మూడేళ్లే, ఒకళ్లకొకళ్లు కొత్త, అమ్మ కోసం ఒకడు మొదలెడితే పదిమంది అందుకుంటారు. చిన్నపిల్లల సంరక్షణ, విద్యపై 2013లో వచ్చిన జాతీయ విధానం ప్రకారం మూడేళ్లు దాటినవాళ్లయితే ఇరవై మందికి ఒకరు, అంతకన్నా చిన్నవాళ్లయితే పదిమందికి ఒకరు ఉండాలి. మన ఊళ్లో ఏ ప్లేస్కూల్లో ఎంతమందిని కుక్కుతున్నారో నేను చెప్పక్కర్లేదు. ఆ గదిలో గంటసేపు నిలబడి వచ్చాక అమ్మమ్మల గురించి మాట్లాడుకుందాం.

నాలుగోది. అసలు ఈ రాత అంతా దీని గురించే. మిగతావి చదివి నవ్వుకుని వదిలేయొచ్చు, దీన్ని నమ్మితే పిల్లలు చచ్చిపోతారు.

పోయినేడు రాజమండ్రి దగ్గర ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర నాకు ఎదురు బల్ల మీద ఒకావిడ పది నెలల మనవరాలిని ఒళ్లో పెట్టుకుని పొంగలి తినిపిస్తోంది. నెయ్యి కారుతున్న ముద్దలో జీడిపప్పు బద్ద ఒకటి వెళ్లింది. పిల్ల నోరు తెరిచింది. దగ్గలేదు, ఏడవలేదు. "నా తల్లిని ఎవరో తలుచుకుంటున్నారు" అని అమ్మమ్మ నవ్వుతూ నెత్తిన తట్టింది. ఇంకోసారి తట్టింది. పిల్ల పెదాలు నేరేడుపండు రంగులోకి తిరుగుతున్నాయి. పక్కాయన నోట్లో వేలు పెట్టబోయాడు. నేను లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చేలోపే వెనక వరసలోంచి ఒకామె ఎంగిలి చేత్తోనే వచ్చి పిల్లను లాక్కుంది. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉండేలా వంచి, దవడను వేళ్లతో పట్టుకుని, వీపు మీద రెండు రెక్కల నడుమ అరచేతి మొదలుతో కొట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకు బద్ద అరిటాకులో వచ్చి పడింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. అమ్మమ్మ మాత్రం ఆమె మీద కేకలేసింది, పసిగుడ్డును ఎవరైనా అలా బాదుతారా అని.

ఇప్పుడు ఫార్వర్డ్ రాసిన మహానుభావుడికి విడమరిచి చెబుతాను. పొలమారడం వేరు, అడ్డుపడటం వేరు. పొలమారితే బిడ్డ గట్టిగా దగ్గుతుంది. దగ్గుతోందంటే గాలి ఆడుతోంది, ఆ దగ్గే లోపలిదాన్ని తోసేస్తుంది, మనం చేయాల్సింది దగ్గనివ్వడమే. మనం ఆ సమయంలో నెత్తిన తడతాం, దగ్గు ఆగుతుంది, మన తట్టుడు వల్లే తగ్గిందనుకుంటాం. దగ్గు చేసిన పనికి పేరు చేతికొచ్చింది. తరతరాలుగా ఇదే. పూర్తిగా అడ్డుపడినప్పుడు దగ్గు ఉండదు, ఏడుపు ఉండదు, గది నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు నెత్తిన ఎంతసేపు తట్టినా గాలిగొట్టంలో ఉన్నది కదలదు, నిమిషాలు మాత్రం పోతాయి. వేలు పెట్టడం ఇంకా ఘోరం. కంటికి కనిపిస్తే పట్టి తీయొచ్చు, కనిపించకుండా తడిమితే ఉన్నదాన్ని ఇంకా లోపలికి తోస్తాం. ఏడాదిలోపు బిడ్డకు వీపు మీద ఐదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఐదు నొక్కులు, వచ్చేదాకా అదే మళ్లీ మళ్లీ. పొట్ట నొక్కడం ఏడాది దాటినవాళ్లకే, అంత పసివాళ్లకు నొక్కితే లోపల కాలేయం దెబ్బతినొచ్చు. ఈలోగా పక్కన ఎవరో ఒకరు 108కి చేయాలి. స్పృహ తప్పితే వెంటనే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఊదడం, మొదలుపెట్టాలి.

ఇది చదివితే వచ్చేది కాదు. నేను రాసింది చదివి మీకు వచ్చేసిందనుకోకండి. రబ్బరు బొమ్మ మీద చేతులు నొప్పెట్టేదాకా చేయిస్తాం, అందుకే శిక్షణ అంటాం. పల్లీలు, శనగలు, ద్రాక్షపళ్లు, బెలూను ముక్కలు ఏ వయసువాళ్ల చేతికి అందకూడదో కూడా అక్కడే చెబుతాం. పాడే బొమ్మల్లోని బటన్ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల పుండు చేసేస్తుంది. బిడ్డ మాత్రం హాయిగా ఊపిరి తీస్తూనే ఉంటుంది, కాస్త చొంగ కారుస్తుంది, అన్నం వద్దంటుంది. ఏ అమ్మమ్మకు తెలుస్తుంది ఇది? ఆవిడ కాలంలో ఆ బ్యాటరీయే లేదు.

ఐదోది, ఆడవాళ్లకు పుట్టుకతోనే వచ్చేస్తుందట. అలాగేం, మగవాళ్లకు పుట్టుకతోనే కారు డ్రైవింగ్ వస్తుంది, ఆర్టీవో ఆఫీసులు మూసేద్దాం.

మా కాలేజీలో ల్యాబ్ నర్సరీ ఉండేది, అంటే మేం పిల్లల్ని చూసి నేర్చుకోవడానికి నడిపే నర్సరీ. రోజూ అరగంట ఒక మూల కూర్చుని ఒకే ఒక్క పిల్లనో పిల్లాడినో చూసి రాయాలి. మొదటి వారం నేను "ఈ బాబు మొండివాడు, చెప్పిన మాట వినడు" అని రాశాను. మా మేడమ్ ఎర్ర సిరాతో మొండివాడు అన్న మాట కొట్టేసి, పక్కన "నువ్వు చూసింది రాయి" అని రాసిచ్చారు. మళ్లీ చూశాను. వెనకనుంచి పిలిస్తే మూడుసార్లూ తిరగలేదు. ఎదురుగా నిలబడి పిలిస్తే వెంటనే వచ్చాడు. అప్పుడు రాసింది ఇదే, ఇంకేమీ కలపకుండా. వాడికి చెవుల్లో కర్ణభేరి వెనక నీరు చేరి సరిగ్గా వినిపించడం లేదని తర్వాత ఈఎన్‌టీ డాక్టరు తేల్చారు. అప్పటిదాకా ఇంట్లో అమ్మ, అమ్మమ్మ, ఇద్దరు పిన్నులు కూడా మొండివాడనే అన్నారు. అందరూ ఆడవాళ్లే.

ఆరోది చదివినప్పుడు నాకు ఆ పెళ్లి గుర్తొచ్చింది. ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చిన ఆమె పక్క ఊరి అంగన్‌వాడీ టీచర్. ట్రైనింగ్‌లో బొమ్మ మీద చేయించారట, అదే చేసింది. ఏం చదువుందంటే అదీ చదువు. అది సరిపోతుందా అంటే సరిపోదు. అంగన్‌వాడీలను నడిపే కేంద్ర పథకం ఐసీడీఎస్ 1975 అక్టోబరు 2న మొదలైంది. యాభై ఏళ్లు గడిచినా మనం ఆమెకు ఇచ్చేది చేరినప్పుడు నెలరోజులకు అటూ ఇటూ, ఇప్పుడు పోషణ్ భీ పఢాయీ భీ (పోషణా, చదువూ) అనే కార్యక్రమం పేరుతో మూడు రోజులు. 2020 విద్యావిధానం ఇంటర్ చదివినవాళ్లకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకు తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా అంది. ఎలాగంటే డీటీహెచ్ చానళ్లలో, ఫోన్లలో. టీవీ చూసి పిల్లల్ని ఎత్తుకోవడం నేర్చుకోవాలన్నమాట. ఆమెకు తీరికెక్కడ? వంట చూడాలి, పిల్లల బరువులు తూచాలి, వివరాలు పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి, సర్వేలకు తిరగాలి. పదకొండున్నర వేల జీతం పెంచమని ఆంధ్రాలో వీళ్లు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు, వాళ్ల మీద సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు. అప్పుడు ఇదే గ్రూపులో "అంత జీతం ఎందుకు, ఆడించడమేగా" అన్నారు. ఇప్పుడు "చదువెందుకు, ఆడించడమేగా" అంటున్నారు.

ఏడోది. కోర్సులన్నీ వ్యాపారం.

ఇది నిజం. పదిహేను రోజుల ఆన్‌లైన్ ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ ట్రైనింగ్) చేసి, కొరియర్‌లో వచ్చిన సర్టిఫికెట్ పట్టుకుని ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఒక బాబు ఇంకో పాపను కొరికితే ఏం చేస్తావమ్మా అని అందరినీ అడిగేదాన్ని. కొరియర్ సర్టిఫికెట్ అమ్మాయి "గట్టిగా అరుస్తాను మేడమ్" అంది. రెండేళ్లు కాలేజీలో చదివిన అమ్మాయి పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో మనస్తత్వవేత్త పియాజే చెప్పిన దశలన్నీ వరసగా అప్పజెప్పింది. తలుపు దగ్గర నీళ్ల జగ్గు పెడుతున్న మా ఆయమ్మ, ఏడో తరగతి ఫెయిలు, ఉండబట్టలేక "ముందు కరిపించుకున్నదాన్ని ఎత్తుకోవాలమ్మా. ఆనక వాడికి ఆకలా, పళ్లొస్తున్నాయా చూడాలి" అంది. నేను ఇరవై ఏళ్లు పాఠం చెప్పి రప్పించాలనుకున్న జవాబు అదే.

ఇంకా చేదు నిజం ఉంది. తమిళనాడులో 320 అంగన్‌వాడీ కేంద్రాల్లో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం ఒక అధ్యయనం చేసింది. కొన్ని కేంద్రాల్లో పిల్లల చదువు కోసమే సగం పూట పనిచేసే ఇంకో మనిషిని అదనంగా పెట్టారు. చదువు చెప్పే సమయం రెట్టింపైంది. ఏడాదిన్నరకు లెక్కల్లో, భాషలో పిల్లలు స్పష్టంగా ముందుకెళ్లారు. పాత టీచరుకు తీరిక దొరికి పౌష్టికాహారం పని కూడా మెరుగైంది. అలా వచ్చినవాళ్లు రెండేళ్ల డిప్లొమాలు చేసినవాళ్లేం కాదు, కొద్దిపాటి శిక్షణతో దిగినవాళ్లే. నా వృత్తికే ఎసరు పెట్టే ఫలితం ఇది. అయినా ఒప్పుకుంటున్నాను, కాగితం కన్నా పిల్లల దగ్గర ఇంకో మనిషి ఉండటమే ముందు.

కాబట్టి బాబాయ్, గోడ మీది సర్టిఫికెట్ చూసి చేర్చమని నేనూ అనను. పొద్దున పదకొండింటికి ఆ గదిలో ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దవాళ్లున్నారో వెళ్లి లెక్కపెట్టమంటాను. గొంతులో అడ్డుపడితే ఏం చేస్తారో నోటితో కాదు, బొమ్మ మీద చేసి చూపించమని అడగమంటాను.

మీ అమ్మాయి టొరంటోలో బాబును డేకేర్‌లో వేసేముందు ఇవన్నీ అడిగింది, గుర్తుందా? ఆ రాష్ట్రంలో ఇందుకోసం కాలేజీ డిప్లొమా చేసి, వృత్తి సంస్థలో పేరు నమోదు చేయించుకోకపోతే ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేటర్ అని చెప్పుకోవడం కూడా చట్టవిరుద్ధమని నాకు చెప్పింది మీరే. "ఎంత పద్ధతో చూడవే" అన్నారు.