చివరి పేజీలకు స్టేప్లర్ కొట్టిన మా మేనకోడలు

డైవర్జెంట్ అనే ఇంగ్లీషు నవలల వరసలో మూడో పుస్తకం, అలీజియంట్ గురించి ఈ పోస్టు. ముగింపు చెప్పేస్తున్నా, తెలియకూడదు అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. వచ్చింది 2013లో, కాబట్టి నన్ను తిట్టకండి.

పోయిన ఆదివారం కొర్లగుంటలో అక్క వాళ్ళింటికి పోతే మేనకోడలు మొహం వాచిపోయి ఉంది. ఇంటర్ సెకండియర్ కదా, ఏ పరీక్షో పోయిందనుకున్నా. "ట్రిస్ చచ్చిపోయింది మామా" అనింది. ట్రిస్ అంటే కాలేజీలో స్నేహితురాలనుకుని మా అక్క గుండె పట్టుకుంది. చూస్తే ఈ పుస్తకంలో హీరోయిన్. పుస్తకం నేనే కొనిచ్చా. చివరి పేజీలను పది పదిగా పట్టి స్టేప్లర్ కొట్టేసి పెట్టింది. ఇంకెవరూ అది చదివి ఏడవకూడదంట.

మా పిల్ల నయం. పుస్తకం విడుదలైనప్పుడు అమెజాన్‌లో ఒక్క స్టార్ ఇచ్చి తిట్టిపోసినవాళ్ళు బోలెడుమంది. రచయిత్రి వెరోనికా రాత్‌కి అప్పుడు పాతికేళ్ళే. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది గానీ, హీరోయిన్ని చంపడమే తప్పు అనే మాట దగ్గర మాత్రం నేను ఒప్పుకోను.

మా అమ్మమ్మ ఊళ్ళో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం పెడితే పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అభిమన్యుడు పద్మవ్యూహంలోకి పోయే రాత్రి ఊరంతా చాపలు, దుప్పట్లు తెచ్చుకుని కూచుంటుంది. వాడు తిరిగి రాడని చిన్నపిల్లలకీ తెలుసు. అయినా తెల్లారేదాకా ఎవరూ లేవరు. కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి పోతారే గానీ, కథ చెడగొట్టారని నాటకమోళ్ళ మీదికి పోయినవాళ్ళను నేను చూళ్ళేదు.

నిజానికి ట్రిస్ చావుకి మొదటినుంచీ దారి వేసే ఉంది. మొదటి పుస్తకంలో కూతుర్ని కాపాడుతూ తల్లి పోతుంది. రెండోదాంట్లో ట్రిస్ తనంతట తానే శత్రువు దగ్గరికి పోయి లొంగిపోతుంది, అప్పుడు దానికి బతుకు మీద ఆశ లేదు. మూడోదాంట్లో బతకాలని గట్టిగా ఉంది, అయినా పోతుంది, అదీ తనకు ద్రోహం చేసిన అన్న కేలబ్ బదులు. ప్రాణం తీసే సీరమ్‌ని తట్టుకుని, చివరికి విలన్ డేవిడ్ తూటాకి పడిపోతుంది. నన్నడిగితే పుస్తకంలో బాగా రాసిన చోటు అదే.

నాకు కాలింది వేరే చోట. రెండు పుస్తకాలు ట్రిస్ ఒక్కతే "నేను" అంటూ చెప్పుకొచ్చింది. మూడోదాంట్లో ఉన్నట్టుండి ఒక అధ్యాయం ఆమెది, ఇంకోటి ఆమె ప్రియుడు టోబియాస్‌ది. ఎందుకబ్బా అని ఆలోచిస్తే గుట్టు అక్కడే తెలిసిపోతుంది: ఈమె పోయాక మిగతా కథ చెప్పడానికి మనిషి కావాలి! పోనీ గొంతులైనా వేరుగా ఉన్నాయా అంటే అదీ లేదు. అన్నానికి లేచి వచ్చి మళ్ళీ పట్టుకుంటే, మాట్లాడేది ఎవరో తెలీక అధ్యాయం మొదట్లో పేరు కోసం వెనక్కి తిప్పాల్సి వచ్చింది. ఇక షికాగో ఊరు మొత్తం జన్యువుల ప్రయోగం అని చెప్పే లెక్చర్లు ఉన్నాయి చూడండి, అవి నేను ఎగరగొట్టేశా.

ఇదంతా మేనకోడలికి చెప్పా, అభిమన్యుడితో సహా. అది విని "అభిమన్యుడు తన కథ తాను చెప్పుకోలేదు కదా మామా. రెండు పుస్తకాలు నేను ఆ పిల్ల తలకాయలోనే కూచున్నా. ఇప్పుడు మెడ పట్టి బయటికి తోసేసినట్టుంది" అనింది.

నా దగ్గర జవాబు లేదు. కాఫీ తాగి వచ్చేశా.

అన్నట్టు, 2016లో ఈ మూడో పుస్తకంలో సగంతో అలీజియంట్ సినిమా వచ్చాక, మిగతా సగం అసలు తీయనే లేదు. సినిమాలు మాత్రమే చూసినవాళ్ళకి ట్రిస్ ఇంకా బతికే ఉంది.

నిన్న అక్క ఫోన్ చేసింది. కింది పోర్షన్ పిల్ల పుస్తకం పట్టుకుపోయి, పావుగంటలో మళ్ళీ పైకొచ్చి కటింగ్ ప్లేయర్ అడిగిందంట. మా మేనకోడలే పక్కన కూచుని ఒక్కో పిన్నూ పీకి ఇచ్చిందంట.