ఆఖరి జీతం ఏ తేదీ వరకు? అమెరికా వర్సిటీ లేఆఫ్‌లలో అసలు లెక్క అక్కడే మొదలు

అమెరికాలో ఐటీ ఉద్యోగం ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది, యూనివర్సిటీలో చేరితే మాత్రం నిశ్చింత అని మన ఇళ్లలో చాలాకాలంగా ఒక నమ్మకం. జీతం కాస్త తక్కువైతేనేం, హెచ్-1బీకి లాటరీ బెడద లేదు, పిల్లల కాలేజీ ఫీజులో రాయితీ వస్తుంది, మధ్యలో పొమ్మనే అలవాటు వాళ్లకు లేదు అనుకునేవారు. 2025లో ఆ నమ్మకం బీటలు వారింది. అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడ్ నుంచి రావలసిన 80 కోట్ల డాలర్లకు పైగా నిధులు ఆగిపోవడంతో మార్చిలో జాన్స్ హాప్కిన్స్ 2,000కు పైగా ఉద్యోగాలు తీసేసింది. వారిలో 1,975 మంది 44 దేశాల్లో, 247 మంది అమెరికాలో పనిచేస్తున్నవారు. 40 కోట్ల డాలర్ల గ్రాంట్లు రద్దయ్యాక మే నెలలో కొలంబియా సుమారు 180 మందిని పంపించింది. జులైలో నార్త్‌వెస్టర్న్ 425 పోస్టులు ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది, వాటిలో దాదాపు సగం అప్పటికే ఖాళీగా ఉన్నవి. బడ్జెట్లో 14 కోట్ల డాలర్లు కోసుకున్న స్టాన్‌ఫర్డ్‌లో 363 మంది ఉద్యోగాలు పోయాయి.

కంపెనీ లేఆఫ్ గురించి మనవాళ్లకు తెలిసినంత, వర్సిటీ లేఆఫ్ గురించి తెలియదు. రెండింటి నియమాలూ ఒకటే అనుకుని కంపెనీలో పనిచేసే స్నేహితుడి సలహా పాటించడమే ఇక్కడ మొదటి పొరపాటు. లోపలికి వచ్చేటప్పుడు కలిసొచ్చిన సదుపాయమే బయటికి పోయేటప్పుడు కాళ్లకు అడ్డం పడుతుంది.

ముందుగా తెలుసుకోవాల్సింది, మీ జీతం ఏ పద్దు నుంచి వస్తోందన్నది. పోస్ట్‌డాక్‌లు, రిసెర్చ్ అసిస్టెంట్లు, ల్యాబ్ మేనేజర్ల జీతాలు చాలావరకు ఫలానా ప్రొఫెసర్‌కు వచ్చిన ఫలానా గ్రాంట్ మీద నడుస్తాయి. ఆ గ్రాంట్ ఆగిన రోజే వారి పోస్టుకు నూకలు చెల్లినట్టు. కార్యాలయ సిబ్బంది, ఐటీ విభాగం, భవనాల నిర్వహణ వంటివారి జీతాల్లో పెద్ద వాటా అదే గ్రాంట్లతో పాటు భవనాలు, పాలన కోసం అదనంగా ఇచ్చే పరోక్ష ఖర్చుల నుంచి వస్తుంది. ఆ ఖర్చులను 15 శాతానికి కుదిస్తామని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ (ఎన్ఐహెచ్) 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. కోర్టులు అడ్డుకున్నాయి కానీ యాజమాన్యాలకు పట్టుకున్న గుబులు అలాగే ఉండిపోయింది. దానికి తోడు 2025 జులై 4న సంతకమైన చట్టం ఎండోమెంట్ (విరాళాల మూలనిధి) రాబడి మీద పన్నును 1.4 శాతం నుంచి పెద్ద నిధులున్న ప్రైవేటు వర్సిటీలకు 8 శాతం దాకా పెంచింది. అంటే గ్రాంట్‌తో ఏ సంబంధమూ లేదనుకున్నవారి మీదా కత్తి వేలాడుతోంది.

పద్దు తెలిస్తే లాభమేమిటి? నియామక పత్రంలో 'నిధుల లభ్యతకు లోబడి' అనే వాక్యం ఉందో లేదో చూడండి. ఉంటే, మిమ్మల్ని పంపడాన్ని వర్సిటీ లేఆఫ్ అనకుండా 'రెన్యూ చేయలేదు' అనవచ్చు. పోస్ట్‌డాక్ నియామకాలు ఏడాదికొకసారి కొనసాగించేవి కాబట్టి ఈ తిరకాసు వాళ్లకే ఎక్కువ. రెన్యూవల్ ఆగినవారికి సివరెన్స్ (తొలగించేటప్పుడు ఇచ్చే పరిహారం) గానీ, తిరిగి నియామకాల్లో ప్రాధాన్యం గానీ ఉండకపోవచ్చు. అందుకే హెచ్‌ఆర్ ఇచ్చిన కాగితంలో ఏ మాట వాడారో పట్టి చూడాలి. నోటితో లేఆఫ్ అని, కాగితం మీద నాన్-రెన్యూవల్ అని ఉంటే అప్పుడే ఈమెయిల్‌లో అడగాలి.

'60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని చట్టముంది కదా' అన్న మాట తరచూ వినిపిస్తుంది. సామూహిక లేఆఫ్‌కు ముందస్తు నోటీసు కోరే ఫెడరల్ చట్టం 'వార్న్' ఉన్నమాట నిజమే. కానీ రాష్ట్ర ప్రభుత్వ వర్సిటీలు మామూలుగా దాని పరిధిలోకి రావు. ప్రైవేటు వర్సిటీల్లోనూ లెక్క వేరు. ఒక ప్రాంగణంలో 500 మందిని తీసేస్తేనో, లేదా 50 నుంచి 499 మందిని తీసేస్తూ అది అక్కడి సిబ్బందిలో మూడోవంతు అయితేనో అది 'సామూహిక లేఆఫ్'. వేలమంది పనిచేసే ప్రాంగణంలో 180 మంది మూడోవంతుకు దరిదాపుల్లో కూడా ఉండరు. ఒక విభాగాన్ని పూర్తిగా మూసేసి 50 మందిని పంపితే మాత్రం చట్టం వర్తించే అవకాశముంది. న్యూయార్క్ రాష్ట్ర చట్టం ఇంతకంటే గట్టిది, వర్తించినచోట 90 రోజుల నోటీసు కావాలి. న్యూజెర్సీలో సామూహిక లేఆఫ్ అయితే పనిచేసిన ప్రతి ఏడాదికి ఒక వారం జీతం సివరెన్స్‌గా ఇవ్వాలి. కాబట్టి రాష్ట్ర చట్టాన్ని, వర్సిటీ సొంత హెచ్‌ఆర్ విధానాన్ని, యూనియన్ ఉంటే దాని ఒప్పందాన్ని చదవాలి. చాలాసార్లు ఫెడరల్ చట్టం కన్నా వీటిలోనే మేలైన హక్కులు ఉంటాయి.

ఇక వీసా. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ (దేశంలో ఉండే వెసులుబాటు) ఉంటుంది, ఐ-94 (ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే పత్రం) అంతకంటే ముందే ముగిస్తే అంతవరకే. ఈ 60 రోజులూ నోటీసు అందిన రోజు నుంచి మొదలు కావు. ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి లెక్క, దాన్ని సాధారణంగా జీతం చెల్లించిన ఆఖరి రోజును బట్టి తేలుస్తారు. సెలవు దినాలూ ఆదివారాలూ కలిపే 60. సివరెన్స్ కింద ఎంత పెద్ద మొత్తం ఒకేసారి చేతికొచ్చినా అది గడువును ఒక్క రోజు కూడా పెంచదు.

ఇక్కడే బేరం ఆడవలసింది. ఎనిమిది వారాల సివరెన్స్ ఇస్తామంటే, అదే డబ్బును ఎనిమిది వారాల జీతంగా పేరోల్ మీద ఇమ్మని అడగాలి. వర్సిటీకి అదనపు భారం పెద్దగా ఉండదు, బీమా ఖర్చు తప్ప. ఉద్యోగికి రెండు నెలలు కలిసొస్తాయి. కానీ పని ఏమీ చెప్పకుండా ఇంట్లో కూర్చోబెట్టి జీతమిస్తే స్టేటస్ నిలబడుతుందా అన్నదానిపై న్యాయవాదుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. అందుకని డేటా అప్పగింత, ప్రయోగాల వివరాల నమోదు, గ్రాంట్ ముగింపు నివేదిక లాంటి నిజమైన పని కాగితం మీద ఉండేలా చూసుకోవాలి. వర్సిటీలు దీన్ని తమంతట తామే అందరికీ ఇవ్వవచ్చు. ఇవ్వకపోవడం డబ్బు లేక కాదు, ఆలోచన లేక.

60 రోజుల్లో కంపెనీలో ఉద్యోగం వెతుక్కుంటే సరిపోతుందిగా అనుకుంటే అక్కడ అసలు చిక్కు. వర్సిటీ హెచ్-1బీ వార్షిక కోటాకు బయటిది. లాటరీ లేకుండా వచ్చినవారిని కోటా కింద లెక్కించలేదు కాబట్టి, మామూలు కంపెనీకి మారాలంటే వారికి మార్చి లాటరీ, అక్టోబరు 1 చేరిక తప్పవు. జులైలో ఉద్యోగం పోయినవారికి ఆ దారి మూసుకుపోయినట్టే. ఇదివరకు కంపెనీలో కోటా హెచ్-1బీ మీద పనిచేసి ఆ తర్వాత వర్సిటీకి వచ్చినవారికి మాత్రం హెచ్-1బీ ఆరేళ్ల గరిష్ఠ కాలంలో మిగిలిన దానికి మళ్లీ లాటరీ అక్కర్లేదు. పాత ఐ-797 (హెచ్-1బీ ఆమోద పత్రం) ఏ అట్టపెట్టెలో ఉందో ఇవాళే వెతికి పెట్టుకోండి. మిగతావారి వెతుకులాట ఇతర వర్సిటీల వైపు, వాటికి అనుబంధమైన లాభాపేక్ష లేని ఆసుపత్రుల వైపు, లాభాపేక్ష లేని లేదా ప్రభుత్వ పరిశోధనా సంస్థల వైపు ఉండాలి. 2025 జనవరి 17న అమలైన నిబంధనలో ఈ పరిశోధనా సంస్థల నిర్వచనం కొంత సడలింది, పరిశోధన వారి ప్రధాన పని కాకపోయినా మౌలికమైన పనుల్లో ఒకటైతే చాలు. ఇంతకుముందు కాదన్న సంస్థను మళ్లీ అడగడంలో అర్థముంది.

కొత్త యజమాని 60 రోజుల్లోపు ఐ-129 (హెచ్-1బీ పిటిషన్) దాఖలు చేస్తే, అది అందిన వెంటనే పనిలో చేరవచ్చు, ఆమోదం కోసం ఆగనక్కర్లేదు. ఏదీ కుదరకపోతే గడువులోపే ఐ-539 దరఖాస్తుతో హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చేది) లేదా బీ-2 (సందర్శకులది) స్టేటస్‌కు మార్పు కోరవచ్చు. బీ-2 దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా పనిచేయకూడదు. 'ఇండియా వెళ్లి కొన్నాళ్లుండి కొత్త వీసాతో వస్తాను' అనేవారు ఒక అంకె గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబరు 21న 12 నెలల గడువుతో అమలైన అధ్యక్ష ప్రకటన, దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్‌కు లక్ష డాలర్ల చెల్లింపు పెట్టింది. వర్సిటీలకూ మినహాయింపు లేదు. దేశంలోనే ఉండి స్టేటస్ సవ్యంగా ఉన్నవారి మార్పులకు, పొడిగింపులకు అది వర్తించదు. కాబట్టి ఆవేశంలో విమానం ఎక్కడం, గడువు దాటి స్టేటస్ పోగొట్టుకోవడం రెండూ ఖరీదైనవే.

జే-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా) మీద ఉన్న పోస్ట్‌డాక్‌లకు ఈ 60 రోజులు లేవు. ప్రోగ్రాం సవ్యంగా ముగిస్తే ప్రయాణానికి 30 రోజులు, అంతే. ఇంకో వర్సిటీకి ట్రాన్స్‌ఫర్ కావాలంటే ప్రోగ్రాం నడుస్తుండగానే జరగాలి, కాబట్టి ఉద్యోగం పోతుందన్న మాట చెవిన పడగానే అంతర్జాతీయ కార్యాలయానికి వెళ్లాలి. ఓపీటీ (చదువు తర్వాత పనిచేసే అనుమతి) మీద ఉన్న పిల్లలకు మొత్తం 90 రోజుల నిరుద్యోగం అనుమతి, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం చదివినవారి) పొడిగింపు ఉంటే రెండూ కలిపి 150. పాత ఖాళీలు కూడా ఇందులోంచే పోతాయి.

గ్రీన్ కార్డు వరుసలో ఉన్నవారికి ఒక ఊరట. ఐ-140 (యజమాని వేసే గ్రీన్ కార్డు పిటిషన్) ఆమోదమైతే, వర్సిటీ వెనక్కి తీసుకున్నా ప్రయారిటీ డేట్ (వరుసలో మీ స్థానం తేల్చే తేదీ) సాధారణంగా మీదే, ఆమోదమై 180 రోజులు దాటితే ఆరేళ్ల తర్వాత హెచ్-1బీ పొడిగింపులకూ అది ఆధారమవుతుంది. 170వ రోజున ఆఖరి రోజు పడితే, మరో పదిహేను రోజులు పిటిషన్ ఉపసంహరించవద్దని కోరండి.

కాగితాల దగ్గర తొందర వద్దు. సివరెన్స్ ఒప్పందం అంటే దావా హక్కు వదులుకుంటున్నట్టు సంతకం. 40 ఏళ్లు నిండినవారికి సామూహిక తొలగింపులో ఆలోచించుకోవడానికి 45 రోజులు, సంతకం చేశాక వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు చట్టం ఇస్తుంది. ఎవరిని తీసేశారు, ఎవరిని ఉంచారు అన్నది హోదా, వయసు వివరాలతో జాబితాగా ఇవ్వాలి. ఆ జాబితా ఇవ్వకుండా 'శుక్రవారంలోగా సంతకం పెట్టండి' అంటే వయసుకు సంబంధించిన హక్కులు వదులుకున్నట్టు ఆ సంతకం చెల్లకపోవచ్చు.

ఆరోగ్య బీమాలో చాలామంది అనవసరంగా డబ్బు కట్టేస్తారు. ఉద్యోగం పోయాక బీమా కొనసాగించుకోనిచ్చే కోబ్రా చట్టం కింద 18 నెలలు పాత బీమా కొనసాగించుకోవచ్చు, ప్రీమియం పూర్తిగా మీదే, పైన 2 శాతం. కానీ ఎంచుకోవడానికి 60 రోజుల వ్యవధి ఉంది, ఆ తర్వాత మొదటి చెల్లింపుకు ఇంకో 45 రోజులు, రక్షణ మాత్రం వెనకటి తేదీ నుంచే వస్తుంది. ఈలోపు కొత్త ఉద్యోగం దొరికి ఎవరికీ జబ్బు చేయకపోతే రూపాయి కట్టనక్కర్లేదు. చాలా వర్సిటీల్లో బీమా ఆ నెలాఖరు దాకా ఉంటుంది. ఆఖరి రోజు 30వ తేదీ కాకుండా మరుసటి నెల 1 అయితే, ఒక్క రోజుతో నెల బీమా కలిసొస్తుంది. అడిగితే ఇస్తారు, అడగకపోతే గుర్తు చేయరు.

రిటైర్మెంట్ డబ్బులో 403(బి), అంటే వర్సిటీల పొదుపు ఖాతా, గురించి అందరికీ ఎంతోకొంత తెలుసు. నేరుగా ఐఆర్ఏకి (సొంత రిటైర్మెంట్ ఖాతాకు) బదిలీ చేయించండి, చెక్కు మీ పేరిట రాయించుకుంటే 20 శాతం పన్ను ముందే కోసేస్తారు. 55 ఏళ్లు నిండే ఏడాదిలో గానీ ఆ తర్వాత గానీ ఉద్యోగం వదిలినవారు ఆ ఖాతా నుంచి 10 శాతం జరిమానా లేకుండా తీసుకోవచ్చు, ఐఆర్ఏకి మార్చేస్తే ఆ వెసులుబాటు పోతుంది. ఎవరూ చెప్పనిది 457(బి) అనే మరో పొదుపు ఖాతా. ప్రైవేటు వర్సిటీల్లో పెద్ద జీతాలవారికి ఉండే ఈ ఖాతా ఐఆర్ఏకి మారదు. ఉద్యోగం వదిలాక డబ్బు ఎప్పుడెప్పుడు తీసుకుంటారో చెప్పడానికి చాలా ప్లాన్లు కొద్ది వారాలే ఇస్తాయి. అది దాటితే మొత్తం ఒకే ఏడాది ఆదాయంగా వచ్చిపడి, పన్ను నడ్డి విరుస్తుంది.

పేస్లిప్పులు, ఐ-797లు, నియామక పత్రాలు, వార్షిక సమీక్షలు ఉద్యోగం ఉన్నప్పుడే దించుకోండి. ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు ఖాతా), పత్రికలకు పంపిన పేపర్లు, యూఎస్‌సీఐఎస్ (వలస దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ) ఖాతా వర్సిటీ ఈమెయిల్‌కే ముడిపడి ఉంటే సొంత ఈమెయిల్‌కు మార్చండి. ఆ ఈమెయిల్ మధ్యాహ్నం మూడుకి ఆగిపోతే సాయంత్రం ఏ తలుపూ తెరుచుకోదు. ల్యాబ్ డేటా మాత్రం వర్సిటీది, అనుమతి లేకుండా కాపీ చేస్తే మంచి కేసు కూడా చెడిపోతుంది.

చివరికి హెచ్‌ఆర్ నుంచి ఒక మెత్తటి సలహా రావచ్చు, 'మీరే రాజీనామా చేస్తే రికార్డులో బాగుంటుంది' అని. చేయకండి. హెచ్-1బీ ఉద్యోగిని గడువుకు ముందే తొలగిస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణపు సహేతుకమైన ఖర్చు యజమాని భరించాలి. అది ఉద్యోగికే, భార్యాపిల్లలకు కాదు, రాజీనామా చేసినవారికి అసలే లేదు. ఉద్యోగికి నోటీసు, యూఎస్‌సీఐఎస్‌కు సమాచారం, టికెట్ ఖర్చు ఇస్తామన్న ప్రతిపాదన, ఈ మూడూ జరిగేదాకా తొలగింపు పూర్తయినట్టు కార్మిక శాఖ లెక్కించకపోవచ్చు, అప్పటిదాకా జీతం బాకీ వర్సిటీ మీదే పడవచ్చు.