స్టాండులో గిన్నెలు అదిరితే ఎవర్ని అడగాలి?

2024 డిసెంబర్ 21 ఉదయం ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి కంపించింది. ఒకటి రెండు సెకన్లే. మర్నాడూ, ఆ మర్నాడూ మళ్లీ అదిరింది. ప్రకాశం జిల్లాలో ఇలాంటప్పుడు ముందు అనుమానం క్వారీ మీదికే పోతుంది. చీమకుర్తి బ్లాస్టింగులు విని పెరిగిన చెవులు మరి! మా పిన్ని మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. స్టాండులో గిన్నెలు గలగలమన్నాయి, తలుపు గడియ టకటకా కొట్టుకుంది. అదే సమయానికి బజార్లో తిరుగుతున్న బాబాయికి ఏమీ తెలియలేదు. "నీకు కళ్లు తిరిగుంటాయిలే" అని కొట్టిపారేశాడు.

నిజానికి పిన్ని చెప్పిందే శాస్త్రానికి కావాల్సిన సమాచారం. భూకంపం పరిమాణాన్ని, అంటే మొత్తంగా అది ఎంత పెద్దదన్న అంకెను, యంత్రం కొలుస్తుంది. ఏ ఊళ్లో ఎంత అదిరిందన్న తీవ్రతను మాత్రం చాలావరకు మనుషుల్ని అడిగే తెలుసుకోవాలి. గిన్నెలు, కిటికీలు చప్పుడు చేశాయా అన్నది తీవ్రత కొలబద్దలో 4వ మెట్టు. తేలికపాటి కంపనం ఇంట్లో కదలకుండా ఉన్నవాళ్లకే ముందు తెలుస్తుంది. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 పరిమాణంతో భూకంపం వచ్చినప్పుడు యంత్రాలు ఎన్నో లేవు. జనం చెప్పిందే పెద్ద ఆధారం.

మరి ఆ అడిగేది ఎవరు? సర్వే మనిషి రచ్చబండ దాకా వచ్చి వెళ్లిపోతే బాబాయి జవాబే రికార్డుకెక్కుతుంది. పొయ్యి దాకా వచ్చి పిన్నిని అడగాలంటే ఆ పనిలో ఆడవాళ్లూ ఉండాలి. సైన్సులో ఆడవాళ్లు పెరగాలంటే అదేదో దయాధర్మం అన్నట్టు మాట్లాడుతుంటారు. నాకది కొలత తప్పుతున్న సమస్యలా కనిపిస్తుంది.

నేల లోపలి పనికి ఆడవాళ్లను దూరం పెట్టడం కొత్తేమీ కాదు. పాత నెల్లూరు జిల్లాలో, గూడూరు వైపు, మైకా రేకులు ఒలిచింది ఆడవాళ్లే. కానీ గనిలోకి దిగడానికి వాళ్లకు 1952 గనుల చట్టం అడ్డు. 2019లో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. అలాంటి రోజుల్లోనే కుశల రాజేంద్రన్ భూకంపాలనే వృత్తిగా ఎంచుకున్నారు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని కిల్లారిలో భూకంపం వచ్చి వేలమంది శిథిలాల కింద పోయారు. దక్కన్ నేల గట్టిది, కదలదు అనుకున్న చోట అది. అక్కడా, తర్వాత గుజరాత్‌లో భూకంపం వచ్చిన భుజ్‌లోనూ ఆమె పరిశోధన చేశారు. బెంగళూరులోని సైన్సు పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్‌గా ఎందరికో పాఠం చెప్పారు.

2016 నాటి భూకంప పటంలో ఒంగోలు ప్రాంతం జోన్ 3లో, అంటే ఓ మోస్తరు ముప్పున్న చోట ఉంది. గుండ్లకమ్మ నది వెంట నేలలో పగులుందని శాస్త్రవేత్తలు ఎప్పట్నించో చెబుతున్నారు. ముండ్లమూరుకు ఇలాంటి కుదుపులు ఇంకా రావచ్చు.

ఆ మూడు రోజుల టైములూ పిన్ని పాల లెక్క రాసే క్యాలెండర్ మీద పెన్నుతో రాసిపెట్టింది. ఏడాది మారినా అది ఇంకా మేకుకే వేలాడుతోంది. దాన్ని చూపించమని ఇంతవరకు ఎవరూ రాలేదు.