‘ఏదైతే ఉందో’ గారికి ఒక బహిరంగ లేఖ

శ్రీ ‘ఏదైతే ఉందో’ గారికి,

నమస్కారం. మీరు చాలా బిజీ అని తెలుసు. టీవీ చర్చల్లో, సభల్లో, ప్రెస్ మీట్లలో మీకు ఊపిరాడదు. ‘ఈ సమస్య ఏదైతే ఉందో ఆ సమస్యను...’ అని ఒకాయన మొదలుపెట్టాడంటే, ఆ తర్వాత ఏం చెప్పాలో వెతుక్కోడానికి మీరిచ్చే రెండు సెకన్ల గడువు చిన్న సాయం కాదు. అక్కడ మీ ఉద్యోగం మీరు చేసుకోండి. నా గొడవల్లా మీరు పిల్లల కథల్లోకి రావడం గురించే.

నా పని పిల్లల కథలు దిద్దడం. మొన్న ఒక అనువాద కథ వచ్చింది. చెప్పేది ఏడేళ్ల పిల్ల. ఉత్తమ పురుష కథనం, అంటే అంతా ‘నేను, నాకు, మా’. రెండో వాక్యం ఇది: ‘ఏ కుక్క అయితే నా చెప్పు ఎత్తుకుపోయిందో ఆ కుక్కను నేను వెతికాను.’ ఆ ఈడు పిల్లకే చదివి వినిపించాను. ‘ఏ కుక్క’ అన్నానో లేదో, ‘నల్ల కుక్క!’ అనేసింది. అట్ట మీద ఉన్నది నల్ల కుక్కే. తప్పు ఆ పిల్లది కాదు. ‘ఏ’, ‘ఎవరు’, ‘ఎక్కడ’ అని మొదలైతే తెలుగు చెవికి అది ప్రశ్న. అడిగారనుకుంది, చెప్పింది.

మూలంలో అక్కడ ‘విచ్’ ఉండి ఉంటుంది. ఇంగ్లీషుకి మనిషికో ‘హూ’, చోటుకో ‘వేర్’, రోజుకో ‘వెన్’ కావాలి. మనకి? నేను కొన్న పెన్ను, పెన్ను కొన్న షాపు, పెన్ను కొన్న రోజు, పెన్ను కొన్న అబ్బాయి. ఒక్క ‘కొన్న’ అన్నిటికీ సరిపోయింది. దీన్నే క్రియాజన్య విశేషణం అని బళ్లో భయపెడతారు గానీ, బడి మొహం చూడకముందే ‘నువ్వు దాచిన బొమ్మ ఏది?’ అని నిలదీయడం పిల్లలకి వచ్చు.

ఇంకో సంగతి. చెప్పు ఎత్తుకుపోయిన కుక్కని కథలో పిల్ల కళ్లారా చూసింది, వెంటపడింది కూడా. అంత తెలిసిన కుక్కని పట్టుకుని ‘ఏ కుక్క అయితే’ అంటుందా? మీరు అడుగుపెట్టగానే ఆ ‘నేను’ ఏడేళ్ల పిల్ల కాకుండా పోయింది. మైకు ముందు గొంతు సవరించుకుంటున్న పెద్దమనిషి అయింది. సర్వనామం మారలేదు, కథ చెప్పే మనిషి మారిపోయింది.

అసలే ఈ పురుషలతో తలనొప్పి. మన ఉత్తమ పురుష ఇంగ్లీషు వాళ్లకి ఫస్ట్ పర్సన్. మన ప్రథమ పురుషేమో వాళ్లకి థర్డ్ పర్సన్. సంస్కృత వ్యాకరణం లెక్క ‘అతడు’ దగ్గర మొదలవుతుంది మరి. ‘ప్రథమ పురుషలో రాయండి’ అంటే ‘నేను’తో రాసుకొస్తే రచయితని ఏమనగలను? పోనీ ప్రథమ పురుషలోనే రాశారనుకోండి, తాతని ‘అతను’ అన్న మరుక్షణం ఆ కథ మనవరాలి వైపు నుంచి చూసింది కాదని తెలిసిపోతుంది.

మీ వంశాన్నంతా వెళ్లగొట్టమనడం లేదు. ‘ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లదే బంతి’ అని పిల్లలు రోజూ అరుస్తారు. పట్టుకునేది ఎవరో ఇంకా తెలీదు కాబట్టి ఆ ‘ఎవరు’ అక్కడ అతికినట్టుంటుంది. ‘ఎవరు తీసిన గోతిలో వారే పడతారు’ కూడా అంతే, ఎవరైనా కావచ్చు. ‘నేను ఎవరికంటే పొడుగో వాడు’ అన్నదాన్ని విశేషణంగా మార్చబోయి ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను. అక్కడ మీ వాళ్లే దిక్కు, ఒప్పుకుంటున్నాను.

సరే, ఆ వాక్యాన్ని ‘నా చెప్పు ఎత్తుకుపోయిన కుక్క కోసం వెతికాను’ అని మార్చి మళ్లీ చదివాను. ఈసారి ఆ పిల్ల చివరిదాకా విని, ‘దొరికిందా?’ అంది. చెబుదామని మూడో వాక్యంలోకి వెళ్తే ‘ఏ చెట్టు కింద అయితే...’ అంటూ మళ్లీ మీరే కూర్చుని ఉన్నారు.

కాస్త లేస్తారా?

ఇట్లు,
ఈ ఉత్తరం రాసినవాణ్ణి