కాఫీ బస్తాకి అల్లుడి మర్యాద

కంపెనీల వెబ్‌సైట్లలో 'మా ప్రస్థానం' అని ఒక పేజీ ఉంటుంది, చూశారా? అందులో ఎవడూ ఏ పనీ చెయ్యడు. స్థలం సేకరించబడుతుంది, ప్రాంతం ఖాళీ చేయబడుతుంది, గిడ్డంగి నిర్మించబడుతుంది. కర్మణి ప్రయోగం మన భాషకు నప్పదురా అని మా తెలుగు మాస్టారు చెవి మెలిపెట్టి మరీ చెప్పారు. పాపం ఆయనకేం తెలుసు, రేపు కార్పొరేట్ లోకమంతా దాని మీదే బతుకుతుందని!

మొన్న హాంబర్గ్‌లో పడవ ఎక్కితే గైడు ఇంగ్లీషులోనూ అదే వరస. ఎల్బె నది ఒడ్డున ష్పైషెర్‌ష్టాట్ అని నోరు తిరగని పేరుతో ఎర్ర ఇటుకల గిడ్డంగుల పేట ఉంది. 1885లో నగర ప్రభుత్వమూ ఒక బ్యాంకూ కలిసి పెట్టిన కంపెనీ కట్టించింది. ఆ కంపెనీయే ఇప్పుడు హెచ్‌హెచ్‌ఎల్‌ఏ పేరుతో కంటైనర్లు దించుతోంది. 1888లో హాంబర్గ్ జర్మనీ సుంకాల పరిధిలోకి వస్తే, వ్యాపారులు అలగకుండా రేవులో ఒక ముక్కను సుంకం లేకుండా వదిలేశారు. ఆ ముక్కలో గిడ్డంగులు కావాలి, కానీ అక్కడ జనం ఉన్నారు. సుమారు 20,000 మంది. వాళ్ల గురించి గైడు చెప్పింది ఒక్కటంటే ఒక్క వాక్యం: "ఇక్కడి నివాసులు వేరే చోటికి మార్చబడ్డారు." ఆ తర్వాత, పక్కనున్న సంగీత భవనం ఖర్చు 80 కోట్ల యూరోలు ఎలా దాటిందో పావుగంట చెప్పాడు.

సరే, ఖాళీ అయిన చోట కాపురానికి ఎవరొచ్చారు? కాఫీ బస్తాగారు. ఓడ దిగి, బల్లకట్టు లాంటి పడవెక్కి, కాలవ వెంట ఊరేగింపుగా వస్తారు. మెట్లెక్కి ఆయాసపడే పనే లేదు, పైన బిగించిన కప్పీ తాడుతో ఎత్తి నేరుగా మూడో అంతస్తులో దింపుతారు. ప్రయాణం బాగా జరిగిందా అల్లుడుగారూ? గోడలు దిట్టంగా ఉంటాయి, ఎండాకాలం ఉక్క పోయదు, చలికాలం వణుకు రాదు. కాలవ చెమ్మ తగిలి బూజు పడతారేమోనని అత్తగారికి ఒకటే టెన్షన్. బరువు చూస్తారు, తగ్గితే కంగారు పడతారు. గుప్పెడు తీసి వాసన చూస్తారు. ఇందుకోసమే క్వార్టీర్స్‌లాయిటె అని ప్రత్యేకంగా మనుషులుండేవాళ్లు. పక్క గదిలో మిరియాలవారు, పై అంతస్తులో తివాచీగారు. ఎన్నాళ్లున్నా సుంకం అడిగేవాళ్లు కాదు, గేటు దాటి జర్మనీలో అడుగుపెడితేనే కట్టాల్సి వచ్చేది. ఉండండి అల్లుడుగారూ, పండక్కి వెళ్దురుగాని!

ఇక మనుషులు. వాళ్లకు చెమ్మ తగులుతోందా అని ఎవరూ అడగలేదు. రేవులో ఈ బస్తాలు మోసేవాళ్లు ఎందరో ఆ 20,000 మందిలోనే ఉన్నారు, పనికి దగ్గర్లో ఉండక తప్పదు. బదులు ఇళ్లు కట్టివ్వలేదు. అద్దెలు పెరిగాయి. అప్పటికే కిక్కిరిసిన పాత సందుల్లోకే దూరారు. 1892లో కలరా వచ్చింది. ఊరంతా తాగుతున్నది వడపోత లేని ఎల్బె నీళ్లు. ఆనుకునే ఉన్న ఆల్టోనా అనే ఊళ్లో నీళ్లు ఇసుకలో వడగట్టేవాళ్లు, అక్కడ పోయినవాళ్లు చాలా తక్కువ. హాంబర్గ్‌లో కొన్ని వారాల్లో సుమారు 8,600 మంది పోయారు. అంతకుముందే కలకత్తాలో కలరా క్రిమిని చూసొచ్చిన జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోహ్ ఆ సందులు చూసి, తాను యూరప్‌లో ఉన్నానన్న సంగతే మర్చిపోతున్నానన్నాడట. మర్చిపోవడమేంటి స్వామీ? అదే యూరప్! అంతకు నాలుగేళ్ల ముందే కాఫీకి పొడి గది కట్టి, మనిషికి మంచినీళ్లు వడగట్టే పనిని డబ్బు లెక్కల కోసం ఏళ్లకేళ్లు వెనక్కి నెట్టిన యూరప్. మార్చబడ్డారట! తరిమారు. ఆ వాక్యానికి కర్త ఉన్నాడు, ఆయనకు సంతకం ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, 1888లో జర్మనీ చక్రవర్తి కైజర్ స్వయంగా వచ్చి ప్రారంభోత్సవం కూడా చేశాడు.

2015లో యునెస్కో ఆ పేటను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అందంగానే ఉంది, అబద్ధమెందుకు, ఫోటోలు నేనూ దిగాను.

"ఎప్పటి గొడవో ఇప్పుడెందుకు బావా, కాఫీ తాగుదాం పద" అని మా బావమరిది ఒక పాత గిడ్డంగిలోనే ఉన్న కాఫీ కొట్టుకు లాక్కెళ్లాడు. బిల్లు నా చేతికే వచ్చింది. కాఫీ మీద 19 శాతం పన్ను.